గది అద్దె – ఇల్లాలి లెక్క

సెలవుల్లో ఎక్కడికి వెళ్ళాలన్నది ఇంటిల్లిపాదీ తేలుస్తారు. ఎక్కడ దిగాలన్నది మాత్రం మన నెత్తినే పడుతుంది.

అలంపురం సంగతే చూడండి. జోగుళాంబ అమ్మవారు, నవబ్రహ్మ ఆలయాలు, చెంతనే తుంగభద్ర. ఒకేరోజు వచ్చిన ముగ్గురిలో ఒకావిడ సత్రంలో దిగుతుంది, ఒకావిడ పర్యాటక సంస్థ వారి హరిత హోటల్లో. మూడో ఆవిడ దర్శనం కాగానే కారెక్కి కర్నూలు పెద్ద హోటలుకి వెళ్ళిపోతుంది. ఉన్నవాళ్ళు పెడతారు, లేనివాళ్ళు సర్దుకుంటారు అని మనం తేల్చేస్తాం. కొంత నిజమే. నెలకు 20,000 వచ్చే ఇంట్లో 2,000 గది అంటే మూడు రోజుల గ్రాసం. 2,00,000 వచ్చే ఇంట్లో అది నూటికి ఒక రూపాయి.

కానీ డబ్బున్నావిడ కూడా గద్వాలలో పెళ్ళి చీరలు కొనడానికి వెళ్తే మామూలు లాడ్జి చాలంటుంది. పగలంతా మగ్గాల దగ్గరే గడుస్తుంది, గది పడుకోవడానికేగా! అదే మనిషి సోమశిలకు వెళ్తే కిటికీ తియ్యగానే కృష్ణ కనిపించాలంటుంది. వానలు వెళ్ళాక శ్రీశైలం జలాశయం నిండి అక్కడి నీళ్ళు చూడముచ్చటగా ఉంటాయి. అక్కడ అద్దె మంచానికి కాదు, కిటికీకి. రాజభవనంలో పడుకున్న ముచ్చటకి హైదరాబాదు ఫలక్‌నుమాలో డబ్బు కట్టేవాళ్ళున్నారు. వనపర్తి రాజుగారి భవనంలోనేమో పాలిటెక్నిక్ పెట్టారు! ఇక చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతరకు నడిచేవాళ్ళకి ధనిక పేద తేడా ఏముంది? అందరికీ ఆ రాళ్ళబాటే.

సెలవు కూడా లెక్కలోకొస్తుంది. నాలుగు రోజులుండేవారు చవక గది వెతుక్కుంటారు. ఒక్క ఆదివారమే దొరికినవారు, ఆ పూటన్నా హాయిగా ఉందామని ఎక్కువ పెడతారు.

చవకని మేమూ ఒకసారి దిగాం. ఏ ఊరో ఎందుకులెండి. తలుపుకి గడియ సరిగా పడలేదు. మావారు గురక పెట్టారు. నేను తలుపుకి ట్రంకుపెట్టె అడ్డంపెట్టి, దానిమీదే కూర్చుని తెల్లవార్లూ జాగారం చేశాను. మర్నాడు గుళ్ళో కునికిపాట్లు! మిగిలింది 300 రూపాయలు. దానికోసం చూడవచ్చిన ఊరే చూడలేకపోయాను.

అలాగని ఖరీదైనదంతా మంచిదని కాదు. పన్ను సంగతి వినండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 వరకు అద్దె ఉన్న గదికి జి.ఎస్.టి. 5 శాతం, దాటితే 18. అంటే 7,500 గదికి పన్ను 375. 7,600 గదికి 1,368! నూరు రూపాయల అద్దె తేడాకి మీ చేతినుంచి 1,093 ఎక్కువ పోతుంది.

అందుకని ఫోనులోనే అడగండి: పన్నుతో కలిపి ఎంత? పిల్లాడికి వేసే మంచానికి వేరే తీసుకుంటారా? వేడినీళ్ళు ఏ వేళకి వస్తాయి? అత్తగారు మెట్లెక్కలేరు, కింద గది ఉందా? వెళ్ళాక, సామాను దించకముందే గడియ ఒకసారి వేసి చూడండి. నేనైతే రెండుసార్లు వేసి చూస్తాను.