లారీల డీజిలు పంపులు: బయటి బజారు సరుకును నమ్మవచ్చునా?

మన సంఘ సభ్యులలో లారీలు, ట్రాక్టరులు గలవారు మమ్ములను తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. డీజిలు పంపు చెడినప్పుడు లారీ కంపెనీవారి దుకాణముననే కొనవలెనా, లేక బయటి బజారులో సగము వెలకు దొరకు పంపును వేసికొనవచ్చునా యని. దీనికి ఒక్కమాటలో ప్రత్యుత్తర మిచ్చుట కష్టము. ఒకప్పుడు మేము తొందరపడి ఒక్కమాటలోనే యిచ్చితిమి. దాని ఫలమును సంఘ మనుభవించెను. కావున ఆ సంగతితోనే ప్రారంభించుచున్నాము.

అది 2019వ సంవత్సరము ఏప్రిలు నెల. గోదావరి డెల్టాలో దాళ్వా కోతలు ముమ్మరముగా జరుగుచుండెను. సంఘపు లారీ పాతది, ఆరు సిలిండరుల ఇంజను గలది. నిండు బస్తాలతో కాలువగట్టు ఎక్కునప్పుడు బలము చాలక ఈడ్చుకొనుచుండెను. "పంపు పోయిందండీ" అని డ్రైవరు చెప్పెను. దగ్గరి పట్టణములో నొక దుకాణమున ఒరిజినలు వెలలో సగమునకే కొత్త పంపు దొరికెను. పెట్టెపై ముద్ర చక్కగానే యుండెను. ఏ పంపైన నేమి, కోతలు ఆగవుగదా, కొనుడని మేమే సలహా చెప్పితిమి. బిగించిన పండ్రెండవ నాడు నూట ఇరువది బస్తాల ధాన్యముతో లారీ గట్టుపై నిలిచిపోయెను. ఆ సాయంకాలమే అకాలవర్షము కురిసెను. టార్పాలిను ఒక్కటియే యుండుటచే నలుబది బస్తాలు తడిసినవి. తడిసిన ధాన్యమునకు మిల్లువారు కట్టు ధర యెట్టిదో రైతులకు వేరుగా చెప్ప నక్కరలేదు. ఆ బస్తాలు ముగ్గురు కౌలురైతులవి.

పంపును కాలిబ్రేషను చేయు పనివాని యొద్దకు పాత పంపును, కొత్త పంపును రెండింటిని గొనిపోతిమి. అతడు వానిని విప్పకమునుపే, "డీజిలు ఎక్కడ పోయిస్తున్నారండీ?" అని అడిగెను. ఆ ప్రశ్న యెందుకో తెలియవలెనన్న పంపు పనిచేయు విధము కొంత తెలియవలెను.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టు వేడిమిలోనికి డీజిలును సన్నని తుంపరగా చిమ్మవలెను. రుడాల్ఫ్ డీజిలు 1897లో జర్మనీదేశపు ఆగ్స్‌బర్గు నగరమున నడిపి చూపిన ఇంజనులో ఈ చిమ్ముట నొక్కిన గాలితో జరిగెను. ఆ గాలియంత్రము బరువైనదగుటచే బండ్లకు పనికిరాలేదు. 1927లో బాష్ కంపెనీవారు చిన్న ఇంజెక్షను పంపులను విరివిగా తయారుచేయ నారంభించిన పిమ్మట లారీలలో డీజిలు ఇంజనులు వ్యాపించినవి. మన దేశమున 1951లో స్థాపింపబడిన మైకో కంపెనీ యీ పంపులను చేసెను. 2008లో దాని పేరు బాష్ లిమిటెడ్‌గా మారినను, పాత మెకానిక్కులు మైకో పంపు అనుట మేమింకను వినుచున్నాము.

లారీలో పంపు లొకటి కాదు, రెండు. మొదటిది ఫీడు పంపు. ఇది టాంకునుండి డీజిలును లాగి, ఫిల్టరులగుండా త్రోయును. రెండవది ఇంజెక్షను పంపు. సంఘపు లారీవంటి పాత బండ్లలో ఇందు సిలిండరున కొక్కటి చొప్పున ఎలిమెంట్లుండును. ఎలిమెంటనగా ఒక ఉక్కు గొట్టము, దానిలో ఆడు ఒక ఉక్కు కడ్డీ. ఈ రెండింటి నడుమ సందు రెండు మొదలు నాలుగు మైక్రానులు మాత్రమే. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. మన తలవెండ్రుక మందము ఇంచుమించు డెబ్బది మైక్రానులు. ఆ సందులో రబ్బరు వాషరేదియు లేదు. సందు యొక్క బిగువే డీజిలును ఆపవలెను. డీజిలే కడ్డీకి కందెన కావలెను.

చవక పంపులో వెల తగ్గునది ఇచ్చటనే. సందును అంత బిగువుగా అరగదీయుటకును, ఉక్కుకు తగిన పదును పెట్టుటకును ఖర్చగును. పదును తక్కువైనను పంపు మొదటి దినమున చక్కగనే నడచును. కంటికి తేడా కనబడదు. ఎలిమెంట్లు అరిగినకొలది ఒక వింత గుర్తు బయలుపడును. తెల్లవారి చల్లని ఇంజను వెంటనే స్టార్టగును; మధ్యాహ్నము భోజనమునకు ఆపి మరల త్రిప్పిన, ఎంతకును స్టార్టుకాదు. వేడెక్కిన డీజిలు పలుచనై, పెరిగిన సందునుండి జారిపోవుటయే కారణము. ఈ గుర్తును బ్యాటరీ లోపమని భ్రమపడి కొత్త బ్యాటరీ కొన్నవారిని మేమెరుగుదుము.

అట్లని బయటి సరుకంతయు చెడ్డదనుట న్యాయము కాదు. అమెరికాలో జరిగినది చూడుడు. 1998 నడుమనుండి 2002 వరకు డాడ్జి కంపెనీవారి బరువు పికప్ బండ్లలో కమ్మిన్స్ వారి 5.9 లీటరుల ఇంజనుకు బాష్ వారి వి.పి.44 అను రోటరీ పంపును అమర్చిరి. మన పాత లైను పంపు అడుగుభాగమునకు ఇంజను ఆయిలు కందెన. ఈ రోటరీ పంపునకు తనగుండా పారు డీజిలు తప్ప వేరు కందెనయు లేదు, చలువయు లేదు. ఆ డీజిలును తెచ్చు కరెంటు ఫీడు పంపును టాంకునకు దూరముగా ఇంజను ప్రక్కన బిగించిరి. అట్టి పంపునకు త్రోయుట సులువు, దూరమునుండి లాగుట కష్టము. అది మెల్లగా నీరసించెను. దానితో ఇంజెక్షను పంపు దాహమునకే చచ్చెను. బండివారు ఎంతో సొమ్ము పోసి ఇంజెక్షను పంపును మార్చి, నీరసించిన ఫీడు పంపును అట్లే యుంచిరి. కొత్త పంపును అదే దారి పట్టెను. అప్పుడు నింద కొత్త పంపు అమ్మినవానిపై పడెను! ఫీడు లైనుకు ప్రెషరు గేజి బిగించి చూచినవారికే నిజము తెలిసెను. వారు బయటి కంపెనీలు చేసిన ఫీడు పంపులను టాంకు దగ్గర, నీటిని వేరుచేయు ఫిల్టరుతో సహా బిగించుకొని మేలు పొందిరి. బండి కంపెనీవారును కొన్ని యేండ్లకు తమ ఫీడు పంపును టాంకులోనికే మార్చిరి. అనగా అచ్చట లోపము కంపెనీ సరుకున నుండెను, మందు బయటి బజారున దొరికెను. 2021లోను అదేజాతి బండ్లను, 2019, 2020 సంవత్సరములలో తయారైనవానిని రెండు లక్షలకు పైగా, పంపు లోపము వలననే కంపెనీ వెనుకకు పిలిపించి, సి.పి.4 పంపులకు బదులు పాతరకపు సి.పి.3 పంపులను వేయించెను.

మరల మన లారీ సంగతి. పనివాడు చవక పంపు ఎలిమెంట్లను విప్పి వెలుతురున చూపెను. కడ్డీలపై నిలువు గీతలు. అవి తుప్పు రేణువుల గీతలనెను. మేము వెలకు కలిసివచ్చునని డీజిలును డ్రమ్ములలో నిలువచేయుచుంటిమి. డ్రమ్ము నడుగున నీరు, తుప్పు చేరినవి. తరువాత పాత పంపును బెంచిపై ఎక్కించెను. అది చావనేలేదు! దాని కంటియుండు ఫీడు పంపులో వాల్వు అరిగి, ముందరి జల్లెడ పూడియుండెను. ఆ మరమ్మతు కొద్ది రూపాయల పని. ఆ తుప్పు డీజిలునే పాత పంపు ఆరేండ్లు త్రాగి నిలిచెను; చవకది పండ్రెండు నాళ్లకు ఓడెను. తప్పు సగము సరుకుది, సగము మాది.

కనుక పంపు కొనకమునుపు టాంకు అడుగు తీసి నీరు చూడవలెను. ఫిల్టరులు మార్చి, ఫీడు లైనుకు గేజి పెట్టించవలెను. ఆయిలు మట్టము తనంతట పెరిగినచో డీజిలు ఆయిలులోనికి దిగుచున్నదని తెలిసి ఇంజనును ఆపవలెను. కిరసనాయిలు కలిపిన డీజిలును పోయనే రాదు. 2020 ఏప్రిలు 1 నుండి మన దేశమున అమ్ము డీజిలులో గంధకము పది లక్షల పాళ్లకు పది పాళ్లు మించదు; గంధకమును తీయునప్పుడు సహజమైన జిడ్డు తగ్గుటచే శుద్ధి కర్మాగారముననే కందెన మందు కలుపుదురు; కిరసనాయిలు ఆ జిడ్డును పలుచన చేయును. పంపు కొనక తప్పనిచో, రేకుపై నంబరు పాతదానితో సరిపోవలెను. బిల్లును, ఒక్కొక్క ఎలిమెంటు ఎంత డీజిలు విడిచినదో వ్రాసిన బెంచి చీటీని అడుగవలెను. చీటీ ఇయ్యనివానియొద్ద వెల యెంత తక్కువైనను కొనరాదని మా అభిప్రాయము. పేరులేని కొత్త పంపుకంటె, మంచి ఎలిమెంట్లు వేసి బెంచిపై సరిచేసిన పాత పంపు మేలు. విప్పిన పాత ఎలిమెంట్లను మాత్రము చేతికి తీసికొనుడు.

ఆ చవక పంపు ఎలిమెంట్లు రెండింటిని సంఘ కార్యాలయపు బీరువాలో నుంచినాము. గీతలు కంటికి కనబడును. పంపు కొనబోవు సభ్యులు ముందుగా వచ్చి వానిని చూడ గోరుచున్నాము.