తేలు పేరున్న పత్రిక

ప్రదర్శనలో బొమ్మ చూసి "బాగుంది" అంటాం. ఎందుకు బాగుందో రాయమంటే మాత్రం మన పెన్ను కదలదు.

1969లో బరోడా చిత్రకారులు గులాం మహమ్మద్ షేక్, భూపేన్ ఖక్కర్ 'వృశ్చిక్' అనే చిన్న పత్రికను ప్రారంభించారు. ఖక్కర్ లెక్కలు చూసే చార్టర్డ్ అకౌంటెంట్ కూడా! వృశ్చికం అంటే తేలు. పేరుకు తగ్గట్టే ఆ పత్రిక కుట్టేది. లలిత కళా అకాడమీ నడుస్తున్న తీరును సూటిగా ప్రశ్నించింది. మన చిత్రకళకు సొంత గుర్తింపు ఏదని వెతుకుతూ విమర్శకురాలు గీతా కపూర్ రాసిన దీర్ఘ వ్యాసం అందులోనే వచ్చింది. చిత్రకారులు పత్రిక నడపడం, అందులోనే ఒక విమర్శకురాలు వారి కాలపు కళను నిలదీయడం మాకు బాగా నచ్చిన విషయం.

వృశ్చిక్ 1973లో ఆగిపోయింది, ఆ సంభాషణ మాత్రం ఆగలేదు. 1981లో షేక్, ఖక్కర్‌తో కలిపి ఆరుగురు చిత్రకారులు 'ప్లేస్ ఫర్ పీపుల్' ప్రదర్శన పెట్టారు. దాని కేటలాగుకు వ్యాసం రాసింది గీతా కపూరే. బొమ్మలో మనిషికి చోటు ఉండాలని అందులో ఆమె వాదించారు. తర్వాతి కాలంలో ఆమె ప్రదర్శనలకు చిత్రాలను ఎంచి కూర్చే క్యురేటర్‌గానూ పనిచేశారు.