మిరపపొడి వ్యాపారమా? మిల్లు కంటే ముందు లెక్క చూసుకోండి

ఎనుమాముల మార్కెట్లో మిరప ధర పడిపోయినప్పుడు ‘మనమే పొడి పట్టించి అమ్ముకుంటే పోలా’ అనుకోని రైతు ఉండడు. ఆలోచన మంచిదే. కాని అనుకున్నదే తడవుగా భూమి కాగితాలు కుదువపెట్టి మిల్లు కొనొద్దు. ముందు వ్యాపారం తెలిసినవాళ్లను అడగండి.

కోడి గుడ్లను పొదిగినట్టు కొత్త వ్యాపారాలను పొదిగే కేంద్రాలున్నాయి. వీటినే ఇంక్యుబేటర్లు అంటారు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో ఇలాంటి కేంద్రం 2003లోనే ప్రారంభమైంది. రాజేంద్రనగర్‌లో నార్మ్ వారి ‘ఎ-ఐడియా’, వ్యవసాయ విశ్వవిద్యాలయంలో 2021లో ప్రారంభమైన ‘ఆగ్‌హబ్’ ఉన్నాయి. ఆలోచనలో కొత్తదనం చూసి ఎంపిక చేస్తారు. అందరినీ చేర్చుకోరు.

అక్కడ డబ్బు సాయం కన్నా విలువైంది అనుభవజ్ఞుల సలహా. దీన్ని మెంటరింగ్ అంటారు. వాళ్లు ముందుగా ప్రశ్నలడుగుతారు. ఎవరు కొంటారు? కిలో ఎంతకు పడింది? డబ్బు ఎన్నాళ్లకు చేతికొస్తుంది?

ఒక లెక్క చూద్దాం. 10 కిలోల మిరప ధర 1,200 రూపాయలు అనుకోండి. తొడిమలు తీసి, తాలు ఏరితే పొడి 8 కిలోలు వచ్చింది. కూలి, గిర్నీ, ప్యాకెట్లు, రవాణా కలిపి 400. మొత్తం 1,600. అంటే కిలో 200కు పడింది. దుకాణదారు 220కి తీసుకుంటే మిగిలేది 20 రూపాయలే. అదీ అరువు. ఇంటి మిరపే కదా అని దాని ధర వేయకపోతే కిలోకు 170 లాభం కనిపిస్తుంది. అందులో 150 మిరప అమ్మినా వచ్చేదే! దెబ్బతినేది ఇక్కడే.

కనుక మొదట 20 కిలోలు అద్దె గిర్నీలో పట్టించి అమ్మి చూడండి. కాయ బాగా ఎండాలి, తేమ ఉంటే బూజు పడుతుంది. రంగు కలపొద్దు. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. మంచి ఎరుపు, తక్కువ కారం ఉండే మన వరంగల్ చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ముద్రతో అమ్మాలంటే అధీకృత వాడకందారుగా నమోదు కావాలి.

హైదరాబాద్ దాకా పోలేనివాళ్లు మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలో సలహా అడగండి. ఖర్చులన్నీ నోటుబుక్కులో రాసుకుని వెళ్లండి. ‘ఈ వ్యాపారం మీకు కిట్టదు’ అన్నా నొచ్చుకోవద్దు. అప్పు చేయకముందే ఆ మాట వింటే భూమి మిగులుతుంది.