ఐరన్ మ్యాన్ ఎలా మారాడు?

సినిమా చూసి వచ్చాక మనం ఫైటింగుల గురించే చెప్పుకుంటాం. ఎవరికి ఎక్కువ పవర్ ఉంది అని వాదించుకుంటాం. కాని హీరో మనసు ఎలా మారిందో ఎప్పుడైనా గమనించారా? ఒక్క సినిమాలో అది సరిగ్గా కనపడదు. విలన్ చస్తాడు, కథ అయిపోతుంది. అదే కథ పదేళ్లు సాగితే హీరో చేసిన తప్పు కూడా అతని వెంటే తర్వాతి సినిమాలోకి వస్తుంది. దీనికి మంచి ఉదాహరణ ఐరన్ మ్యాన్.

ఇతని అసలు పేరు టోనీ స్టార్క్. 1963లో అమెరికాలో మార్వెల్ వారి బొమ్మల కథల్లో పుట్టాడు. 2008 నుంచి 2019 వరకు సినిమాల్లో రాబర్ట్ డౌనీ జూనియర్ ఈ వేషం వేశాడు.

2008లో వచ్చిన మొదటి సినిమాలో టోనీ ఆయుధాలు అమ్మే కోటీశ్వరుడు. తాగుతాడు, జల్సా చేస్తాడు. తన బాంబులు ఎవరి మీద పడుతున్నాయో పట్టించుకోడు. ఆఫ్ఘనిస్తాన్‌లో అతని మీద దాడి జరుగుతుంది. పక్కన పడ్డ బాంబును చూస్తే దాని మీద తన కంపెనీ పేరే! ఆ ముక్కలు ఛాతీలో గుచ్చుకుంటాయి. తోటి బందీ యిన్సెన్, కారు బ్యాటరీతో పనిచేసే అయస్కాంతం అమర్చి బతికిస్తాడు. తర్వాత టోనీ తప్పించుకోవడం కోసం తన ప్రాణమే ఇస్తాడు. ఇంటికొచ్చిన టోనీ ఆయుధాల తయారీ ఆపేస్తున్నానని ప్రకటిస్తాడు.

అంతటితో మంచివాడైపోయాడా? లేదు. గర్వం పోలేదు. 2010 సినిమాలో సూటు వేసుకుని, తాగి, ఇంట్లో నానా గొడవ చేస్తాడు. 2012లో 'అవెంజర్స్'లో మాత్రం న్యూయార్క్ మీదికి వస్తున్న అణు క్షిపణిని మోసుకుపోయి జనాన్ని కాపాడతాడు. ఆ ధైర్యం వల్ల అతనికి ఏమైందో 2013 సినిమాలో చూపించారు. నిద్ర పట్టదు. ఉన్నట్టుండి ఊపిరాడదు. భయంతో సూటు మీద సూటు చేస్తూ పోతాడు.

ఆ భయమే పెద్ద తప్పు చేయిస్తుంది. 2015 సినిమాలో లోకాన్ని కాపాడుతుందని అల్ట్రాన్ అనే యంత్రబుద్ధిని తయారు చేస్తాడు. అది మనుషుల మీదికే తిరగబడుతుంది. ఎంతోమంది చచ్చిపోతారు. 2016 సినిమాలో, అలా కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి వచ్చి టోనీని నిలదీస్తుంది. ఈ సీనులో ఫైటింగు లేదు గాని, నాకు అన్నిటికన్నా ఇదే ముఖ్యం అనిపిస్తుంది. అంత తెలివైనవాడు ఆ తల్లికి జవాబు చెప్పలేకపోతాడు. ఎవరి మాటా విననివాడు, ఇక తమ మీద అదుపు ఉండాల్సిందే అని ఒప్పుకుంటాడు. కాని అదే సినిమాలో, తన అమ్మానాన్నలను చంపిందెవరో తెలిసి కోపం పట్టలేక స్నేహితుడు కెప్టెన్ అమెరికాతోనే కొట్లాడతాడు. మనిషి మారడం వానలో గట్టు ఎక్కినట్టే ఉంటుంది. రెండడుగులు ఎక్కితే ఒకడుగు జారతాం.

2019లో 'ఎండ్‌గేమ్' నాటికి టోనీకి భార్య, చిన్న కూతురు ఉంటారు. థానోస్ వల్ల సగం ప్రాణికోటి మాయమై ఐదేళ్లవుతుంది. మళ్లీ రమ్మంటే మొదట రానంటాడు. పాప ఉంది గదా! అయినా చివరికి, తను చచ్చిపోతానని తెలిసీ అందరినీ కాపాడతాడు. మొదటి సినిమా చివర విలేకరుల ముందు, నేనే ఐరన్ మ్యాన్ అని గొప్పగా చెప్పుకున్నాడు. ప్రాణమిచ్చేముందు కూడా అదే మాట అంటాడు. మాట అదే, మనిషి వేరు.

సూటు ప్రతి సినిమాలో మారింది. అది అందరికీ కనిపిస్తుంది. మనిషి మారింది మాత్రం, తను చేసిన పని వల్ల ఎవరికి దెబ్బ తగిలిందో చూసినప్పుడే. ఈసారి ఇలాంటి సినిమా చూస్తే, హీరో చేసిన తప్పు తర్వాత ఎవరి రూపంలో అతని ముందుకు వచ్చిందో వెతకండి. మన తప్పుల సంగతి కూడా ఒకసారి ఆలోచించండి.