గోపన్‌పల్లికి చేరని 738

గోపన్‌పల్లిలోని కొత్త అపార్ట్‌మెంట్లలో ఏదో ఒకదాంట్లో, తొమ్మిదో అంతస్తులో, పాత బ్యాటరీ రేడియో పెట్టి ముల్లును 738 కిలోహెర్ట్జ్ మీదికి తిప్పండి. హైదరాబాద్ ఆకాశవాణి 'ఎ' కేంద్రం మీడియం వేవ్‌లో పలికే చోటు అది. 200 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్. అయినా కేంద్రం ప్రసారం చేస్తున్న వేళల్లో కూడా ఎక్కువగా చెవినపడేది బరబరమనే రొదే. రేడియో పనైపోయిందని చాలామంది అనుకునేది ఇక్కడే. కానీ రేడియో మాటను మింగేస్తున్న చప్పుడు మన ఇళ్లలోనే పుడుతోంది.

మీడియం వేవ్ వాడే ఏఎం పద్ధతిలో గొంతు హెచ్చుతగ్గులు తరంగం బలంలోని హెచ్చుతగ్గులుగా ప్రయాణిస్తాయి. విద్యుత్ రొద కూడా బలంలో మార్పే కాబట్టి సెట్టు రెండింటినీ వేరు చేయలేదు. వెనకటి రోజుల్లో మెరుపులు, మిక్సీలే అడ్డం. ఇప్పుడు ఎల్‌ఈడీ బల్బులోని డ్రైవర్, ల్యాప్‌టాప్ చార్జర్, రౌటర్ అడాప్టర్, యూపీఎస్... అన్నీ కరెంటును సెకనుకు వేలసార్లు ఆపి వదులుతూ పనిచేసేవే. ఆ కుదుపుల అవశేషాలు సరిగ్గా మీడియం వేవ్ మీదే వచ్చి పడతాయి. రేడియోను నడుస్తున్న చార్జర్ దగ్గరికి తెచ్చి, దూరం జరిపి చూడండి, రొద పెరగడం, తగ్గడం తెలుస్తుంది. దాన్ని అణిచే ఫిల్టర్ పెద్ద ఖరీదేమీ కాదు. చవక రకాల్లో ముందు తీసేసేది మాత్రం దాన్నే.

భవనం సంగతి వేరే. 738 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 406 మీటర్లు. ఇనుప ఊచలతో కట్టిన గోడలు దానికి పంజరమే, కిటికీ సందు ఏమాత్రం చాలదు. ఎఫ్ఎం తరంగం మూడు మీటర్లే కనుక కిటికీలోంచి దూరి వస్తుంది.

అయితే ఎఫ్ఎం దాదాపు చూపు ఆనేంత మేరకే పోతుంది. మీడియం వేవ్ నేలను అంటిపెట్టుకుని జిల్లాలు దాటుతుంది, రాత్రయితే అయనోమండలాన్ని తాకి ఇంకా దూరం వెళుతుంది. 1935లో నిజాం హయాంలో మొదలై, 1950 ఏప్రిల్‌లో ఆల్ ఇండియా రేడియోలో కలిసిన దక్కన్ రేడియో వారసత్వం ఈ 738ది. ఈ కేంద్రం కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం పాత్రల మాటల కోసం రేడియో చుట్టూ చేరినవాళ్లకు ఆ దూరమే గొప్ప వరం.

గోపన్‌పల్లి పక్కనే, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 'బోల్ హైదరాబాద్' 90.4 ఎఫ్ఎం ఉంది. జహీరాబాద్ దగ్గర దళిత మహిళలు నడిపే 'సంఘం రేడియో' 2008లో మొదలైంది. రెండూ గర్వించదగ్గవే. కానీ ఇలాంటి సామాజిక రేడియోకు అనుమతి మామూలుగా 100 వాట్ల దాకానే. 738 బలం దానికి రెండు వేల రెట్లు.

కార్లలోనూ ఇదే కథ. ఎలక్ట్రిక్ మోటార్ల రొద వల్ల కొన్ని అమెరికన్ కంపెనీలు ఏఎం తీసేశాయి. ఫోర్డ్ 2023లో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది, అత్యవసర హెచ్చరికలు జనానికి చేరేది ఏఎం మీదే అన్న వాదన గట్టిగా వచ్చింది మరి. మన ఫోన్లలో ఆకాశవాణి యాప్ ఉంది, నిజమే. కానీ అది వినాలంటే టవర్ పనిచేయాలి, డేటా ఉండాలి. వరదొచ్చి సెల్ టవర్లు ఆగినా, దూరాన నిలబడిన ఒక్క ట్రాన్స్‌మిటర్‌కు, రెండు పెన్సిల్ సెల్స్ వేసిన సెట్టుకు మధ్య ఇంకే ఏర్పాటూ అక్కర్లేదు. అందుకే మీడియం వేవ్ కేంద్రాలను మూసే ముందు, వాటిని వినే వీలు జనానికి ఎంత మిగిలిందో ఊరూరా కొలిచి చూడాలి.