తల తెగిన తరంగం

క్లాసులో ఆంప్లిఫయర్ల పాఠం నడుస్తోంది. బోర్డు మీద రెండు తరంగాలు గీశాను. ఒకటి నున్నగా వంపు తిరిగిన సైన్ తరంగం. రెండోది పైనా కిందా చదునుగా తెగిపోయినది, దాని పక్కన ఇంటూ మార్కు. సిగ్నల్ ఆంప్లిఫయర్ శక్తిని మించితే ఇలా తల తెగుతుంది, దీన్నే క్లిపింగ్ అంటారు, అలా కాకుండా చూసుకోవాలి అని చెబుతుంటే వెనక బెంచీ కుర్రాడొకడు లేచాడు. "సార్, నేను ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను. ఆంప్, స్పీకరు ఒకే పెట్టెలో ఉండే కాంబో కోసం చూస్తుంటే 50 వాట్ల ట్రాన్సిస్టర్‌ది చవగ్గా దొరుకుతోంది. 15 వాట్ల వాల్వు ఆంప్‌కేమో అంతకు ఎన్నో రెట్లు చెబుతున్నారు. ఎందుకంటే అది బాగా క్లిప్ అవుతుందట! మీరేమో ఇంటూ పెట్టారు."

ఆంప్లిఫయర్ జాతిలో ఆ ఇంటూ మార్కును టిక్కు చేసుకున్నది గిటార్ ఆంప్. అదెలాగో చెప్పడం నాకు చాలా ఇష్టమైన పని.

ముందు వాట్ల సంగతి తేల్చేద్దాం. చెవి వాట్లను లెక్కపెట్టదు. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్, అంటే "కాస్త పెరిగినట్టుందే" అనిపిస్తుంది. రెండింతలు గట్టిగా వినిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పదింతల వాట్లు కావాలి. ఈ లెక్కన 15 వాట్లకూ 50 వాట్లకూ మధ్య ఉన్నది 5 డెసిబెల్స్ పైచిలుకు. అందులో సగానికి పైగా ఒక్క స్పీకరే మింగేయగలదు, లేదా తిరిగివ్వగలదు. ఒక వాటు ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే కొన్ని గిటార్ స్పీకర్లు 97 డెసిబెల్స్ ఇస్తాయి, కొన్ని 100 ఇస్తాయి. 100 ఇచ్చే స్పీకరు పెట్టుకున్నవాడు ఆంప్ వాట్లను రెట్టింపు చేసుకున్నట్టే. వాట్ల అంకె చూసి కాంబో కొనేవాళ్లు ఈ రెండో అంకెను అడగనే అడగరు.

ఇప్పుడు పాత తరహా వాల్వు కాంబో ఒకదాన్ని వెనక్కి తిప్పి చూడండి. వెనక చెక్క సగమే ఉంటుంది, మిగతాదంతా ఖాళీ. పైభాగంలో ఇనుప చాసిస్ తలకిందులుగా బిగించి ఉంటుంది, దానికి గాజు వాల్వులు వేలాడుతుంటాయి. బొటనవేలంత చిన్నవి ఒక పక్క, అంతకన్నా పెద్దవి మరో పక్క. లోపల ఫిలమెంట్లు నారింజ రంగులో కణకణలాడుతుంటాయి. రెండు ట్రాన్స్‌ఫార్మర్లు. కింద 12 అంగుళాల స్పీకరు అయస్కాంతం. అడుగున పొడవాటి రేకు డబ్బా ఉంటే అది రివర్బ్. అందులో సన్నటి స్ప్రింగులు రెండో మూడో ఉంటాయి. ఒక కొసన స్వరం వాటిని కదిలిస్తే, స్ప్రింగు పొడవునా అటూ ఇటూ కొట్టుకుని రెండో కొసన ప్రతిధ్వనిగా బయటికొస్తుంది. ఆంప్‌ని పొరపాటున తన్నితే పిడుగు పడ్డట్టు మోగేది ఆ డబ్బానే.

వెనక సగం ఖాళీ వదలడానికి కారణం ఉంది. స్పీకరు శంకువు ముందుకు కదిలినప్పుడు వెనక గాలి పలచబడుతుంది. వెనక దారి తెరిచి ఉంటే అక్కడ పుట్టే ఆ రెండో తరంగం కూడా గదిలోకి వస్తుంది. లోతైన బాస్ దగ్గర రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి గనక బాస్ కొంత తగ్గుతుంది, కానీ స్వరం ఒక పెట్టెలోంచి కాక గది నిండా వ్యాపించినట్టు ఉంటుంది. ఇలాంటి కాంబోని గోడకు ఆనించినప్పుడూ, ఒక అడుగు ముందుకు జరిపినప్పుడూ ఒకేలా మోగకపోవడం అందుకే.

ఇక చిన్న వాల్వు. యూరప్‌లో దీని పేరు ఈసీసీ-83, అమెరికాలో 12ఏఎక్స్7. ఒకే గాజులో రెండు ట్రయోడ్లు. వేడెక్కిన క్యాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు లేస్తాయి. రెండొందల చిల్లర వోల్టుల మీద ఉన్న ప్లేటు వాటిని లాక్కుంటుంది. ఈ రెంటి మధ్యలో సన్నటి తీగతో అల్లిన గ్రిడ్. 1906లో లీ డి ఫారెస్ట్ చేర్చిన ఈ చిన్న జాలీతోనే ఎలక్ట్రానిక్ ఆంప్లిఫికేషన్ మొదలైంది. గ్రిడ్ నెగెటివ్‌గా ఉంటే ఎలక్ట్రాన్లను వెనక్కి నెడుతుంది, కొద్దిగా సడలితే వదులుతుంది. గిటార్ ఆంప్‌లో దీన్ని అమర్చే పద్ధతి ఎంత పొదుపైనదంటే, క్యాథోడ్ కింద 1.5 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి పెడతారు. వాల్వులో నడిచే మిల్లీయాంపియరు కరెంటు దాని గుండా పోతూ 1.5 వోల్టు సృష్టిస్తుంది. గ్రిడ్ ఆ మేరకు క్యాథోడ్ కన్నా కిందికి దిగుతుంది. వాల్వు తన కరెంటుతోనే తన నిలకడ తాను చూసుకుంటుందన్నమాట. తీగను మీటితే గిటార్ పికప్ ఇచ్చే వోల్టులో పదో వంతు ఆ గ్రిడ్‌ను అటూ ఇటూ ఊపుతుంది. ప్లేటు దగ్గరున్న లక్ష ఓముల రెసిస్టర్ మీద అది యాభై, అరవై రెట్లయి కనిపిస్తుంది.

ఈ ఐదారు వోల్టులు తర్వాతి ట్రయోడ్‌కి చేరతాయి. దానికి మాత్రం తట్టుకునే చోటు ఒకటిన్నర వోల్టే! తరంగం పైకి లేచినప్పుడు గ్రిడ్ సున్నా దాటి పాజిటివ్ అవుతుంది, ప్లేటుకు పోవలసిన ఎలక్ట్రాన్లలో కొన్నిటిని తనే తాగడం మొదలుపెడుతుంది. అంత కరెంటు ఇచ్చే సత్తా వెనకనున్న సర్క్యూట్‌కి ఉండదు, శిఖరం మెత్తగా వంగిపోతుంది. తరంగం కిందికి దిగినప్పుడు కథ వేరు. గ్రిడ్ మరీ నెగెటివ్ అయి కరెంటు మొత్తం ఆగిపోతుంది, లోయ చదునవుతుంది. పైన ఒక తీరు, కింద ఇంకో తీరు.

ఇది సంగీతానికి ఎందుకు పనికొచ్చిందంటే, తరంగం ఆకారం మారితే దాన్లో అనుస్వరాలు, అంటే అసలు స్వరానికి రెండు, మూడు రెట్ల హెర్ట్జ్ ఉన్న స్వరాలు, పుడతాయి. పైనా కిందా సమానంగా తెగితే మూడు, ఐదు, ఏడు లాంటి బేసి అనుస్వరాలే వస్తాయి. ఎగుడుదిగుడుగా తెగితే రెండు, నాలుగు లాంటి సరి అనుస్వరాలు కూడా వచ్చి చేరతాయి. రెండోది పై షడ్జమం. మూడోది దాని మీది పంచమం. ఐదోది ఆ పైస్థాయి అంతర గాంధారం. తంబురా విన్నవాళ్లకు ఇది కొత్త కాదు. ఎవరూ శ్రుతి చేయని గాంధారం దాన్లోంచి తనంతట తానే పలుకుతుంది. తంబురా గుర్రం మీద తీగ కింద దారప్పోగు జరిపి ఆ అనుస్వరాలను రాబట్టుకుంటారు. గిటారిస్టు అదే పని వాల్యూమ్ నాబ్ తిప్పి చేస్తాడు.

ఇంకో విచిత్రం ఉంది, నాకైతే ఇదే అన్నిటికన్నా ముద్దు. తల తెగే ఆంప్‌లోకి రెండు స్వరాలు ఒకేసారి పంపితే వాటి కూడికలూ తీసివేతలూ కూడా పుడతాయి. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్. దాని పంచమం 123.5 హెర్ట్జ్. తేడా సుమారు 41. అది సరిగ్గా లావు తీగకు ఒక స్థాయి కింది షడ్జమం! గిటార్ మీద లేని తీగ అది, దాన్ని ఆంప్ పలికిస్తుంది. రాక్ సంగీతం చాలావరకు సా-పా జంట స్వరాల మీద నిలబడటానికి ఇదొక కారణం. అందులో గాంధారం కూడా చేర్చి నొక్కితే, ఆ తేడాలు ఒకదానితో ఒకటి పొసగక శబ్దం బురదబురద అవుతుంది.

ఇదంతా ఎవరూ కావాలని మొదలుపెట్టలేదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు షాపు నడిపిన లియో ఫెండర్‌కి గిటార్ వాయించడం రాదు. రేడియో మెకానిక్కుకి వంకర తరంగం అంటే ఫిర్యాదుతో తిరిగొచ్చిన రేడియో. వేదిక మీద డ్రమ్ముల్ని దాటి వినబడే శుభ్రమైన శబ్దం కోసం ఆయన తన గిటార్ ఆంపుల్లో ప్రతి మోడల్‌నూ బలపరుస్తూ పోయాడు. ఆ దారిలో వచ్చిన శిఖరం 1963 నాటి ట్విన్ రివర్బ్: 12 అంగుళాల స్పీకర్లు రెండు, పెద్ద వాల్వులు నాలుగు, తర్వాత 85 వాట్లని ప్రకటించిన శక్తి. మనిషి రెండు చేతులూ వేసి ఎత్తాల్సిన బరువు.

అట్లాంటిక్‌కి ఇవతల, ఇంగ్లండులోని డార్ట్‌ఫర్డ్‌లో టామ్ జెన్నింగ్స్ కంపెనీకి డిక్ డెన్నీ డిజైన్ చేసిన వాక్స్ ఆంపులు పోటీకి నిలిచాయి. డెన్నీ తానే గిటార్ వాయించేవాడు. 15 వాట్ల ఏసీ-15 ముందు వచ్చింది. ద షాడోస్ బృందం ఇంకా శక్తి కావాలనడంతో ఏసీ-30 పుట్టింది. బీటిల్స్ దాంతోనే వేదికలెక్కారు. క్వీన్ గిటారిస్టు బ్రయాన్ మే వాటిని గోడలా పేర్చి వాయించాడు. ఏసీ-30లో చివరి దశకు వాడినవి నాలుగు ఈఎల్-84 వాల్వులు. ఈ పేరు మన పాత రేడియో మెకానిక్కులకు బాగా తెలుసు. మెయిన్స్ రేడియోల్లో స్పీకరును నడిపిన వాల్వు అదే, బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా దాన్ని తయారు చేసింది.

ట్విన్‌కీ ఏసీ-30కీ మధ్య అసలు తేడా నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. ట్విన్‌లో స్పీకరుకు పోయే సిగ్నల్‌లో కొంత వెనక్కి తెచ్చి, తలకిందులు చేసి, లోపలికి కలుపుతారు. ఎక్కడ వంకర వచ్చినా దానికి విరుగుడు వెంటనే అందుతుంది, స్వరం అద్దంలా ఉంటుంది. అయితే పెద్ద వాల్వులు ఇక ఇవ్వలేని చోటికి చేరినప్పుడు, ఆ సర్దుబాటు సర్క్యూట్ వాటిని ఇంకా గట్టిగా తోస్తుంది. ఇవ్వడానికి ఏమీ మిగలదు, తరంగం కత్తితో కోసినట్టు తెగుతుంది. ఏసీ-30లో ఈ ఏర్పాటు లేదు. సగం వాల్యూమ్ దగ్గర్నుంచే శిఖరాలు వంగడం మొదలుపెడతాయి, పూర్తిగా తెగేచోటు ఎక్కడో చెప్పలేం. అందుకే దాంట్లో వేలి ఒత్తిడి వినిపిస్తుంది. మెల్లగా మీటితే గంట మోగినట్టు, గట్టిగా మీటితే గుర్రుమన్నట్టు.

విద్యుత్తు సరఫరాలో కూడా ఇదే పోటీ. ట్విన్‌లో ఏసీని డీసీగా మార్చేది సిలికాన్ డయోడ్, ఎంత లాగినా వోల్టేజి దాదాపు నిలబడుతుంది. ఏసీ-30లో ఆ పని ఇంకో వాల్వు చేస్తుంది. దానికి సొంత నిరోధం ఉంది. ఒక్కసారిగా గట్టిగా మీటితే వోల్టేజి క్షణకాలం కుంగుతుంది, స్వరం మొదట్లో కొంచెం నొక్కుకుని, వెంటనే తేరుకుని విచ్చుకుంటుంది. ఇంజనీరు లెక్కలో అది సరఫరా లోపం. గిటారిస్టుకు అది స్వరంలోని ఊపిరి. రెంట్లో ఏది గొప్పదని అడిగితే, స్పష్టమైన స్వరాల కోసం ట్విన్ అని ఒప్పుకుంటాను గానీ నా మనసు ఏసీ-30 మీదే.

తర్వాతి చరిత్ర గబగబా చెప్పుకోవచ్చు. లండన్‌లో డ్రమ్ముల షాపు నడిపిన జిమ్ మార్షల్, ఫెండర్ వారి బాస్‌మన్ కాంబోని ఆధారం చేసుకుని కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్‌లతో సొంత ఆంప్ కట్టించాడు. మొదటి వాల్వు చోట రెండింతలకు పైగా గుణించే ఈసీసీ-83 పెట్టారు. ఆ ఒక్క మార్పుతో గుర్రుమనడం ఇంకా ముందే మొదలైంది. దాని కాంబో రూపంతో ఎరిక్ క్లాప్టన్ 1966లో జాన్ మేయాల్ బృందంతో చేసిన రికార్డు విన్నాక, తల తెగిన తరంగాన్ని తప్పు అనడం గిటారిస్టులు మానేశారు. కింక్స్ బృందంలోని డేవ్ డేవిస్ అంతకుముందే, 1964లో, చిన్న ఆంప్ స్పీకరు శంకువును బ్లేడుతో చీల్చి అదే దారికి వచ్చాడు. 1975లో రోలాండ్ జేసీ-120 ట్రాన్సిస్టర్లతో వచ్చింది. రెండు స్పీకర్లలో ఒకదానికి ఊగిసలాడే ఆలస్యం కలిపి, రెండు స్వరాలనూ గదిలోని గాలిలోనే కలిపే కోరస్ దాని సొత్తు. తల తెగనివ్వకపోవడమే దాని గొప్ప. ఇప్పుడు వాల్వు వంపులన్నీ లెక్కలుగా మార్చి చిప్పులో పెడుతున్నారు. 2019 నాటి డిజిటల్ ట్విన్, అసలు ట్విన్ బరువులో సగమే.

కొనేవాడికి ఈ కథలోంచి కావలసింది కొంత ఉంది. అపార్ట్‌మెంటు గదిలో 30 వాట్ల వాల్వు కాంబో కొంటే దాని అసలు స్వరం ఎన్నడూ బయటికి రాదు. అది వంగేదాకా తిప్పితే పక్కింటివాళ్లు తలుపు తడతారు. అక్కడ ఐదు వాట్ల వాల్వు ఆంప్ గానీ, శక్తి తగ్గించే మీట ఉన్న డిజిటల్ కాంబో గానీ మేలు. ఈ గుర్రుమనే శబ్దాన్ని, అంటే డిస్టార్షన్‌ని, అంతా కాలితో నొక్కే పెడల్‌తో తెచ్చుకునేవాడు శుభ్రంగా ఉండే ఆంప్ కొనాలి. అలాంటివాడికి ట్రాన్సిస్టర్‌ది వాల్వుదానికి ఏ మాత్రం తీసిపోదు. ఇంట్లోని హైఫై స్పీకరుకు గిటార్ కలిపి సరిపెట్టుకోవద్దు. గిటార్ స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ పైన పలకడం బాగా తగ్గించేస్తుంది, తెగిన తరంగంలోని గరగర అక్కడే ఆగిపోతుంది. హైఫైలో అదంతా తుమ్మెదలా చెవిలో దూరుతుంది.

వాల్వు ఆంప్‌ని స్పీకరు తీగ ఊడదీసి ఎన్నడూ వాయించకూడదు. శక్తికి పోయే దారి లేక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి ఎగసి దాని చుట్లే కాలిపోవచ్చు. ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో మూడు నాలుగొందల వోల్టులు నిలిచి ఉండొచ్చు కాబట్టి, తెలియనివాళ్లు చాసిస్‌లో వేలు పెట్టకూడదు. అమెరికా నుంచి బంధువులెవరైనా తెస్తే అది 120 వోల్టులదో, 230కి మార్చగలదో ముందే అడగాలి. అక్కడి 60 హెర్ట్జ్ కోసం చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కు స్టెప్‌డౌన్ పెట్టినా, మన 50 హెర్ట్జ్ మీద అదనంగా వేడెక్కవచ్చు.

షాపులో పరీక్షించేటప్పుడు నాబులన్నీ మధ్యలో పెట్టి, పెడళ్లు తీసేసి, లావు తీగ మీద సా-పా జంటను గట్టిగా మీటండి. కింది షడ్జమం వినిపిస్తుందేమో చూడండి. తర్వాత ఆంప్‌ని ముట్టుకోకుండా గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌ని సగానికి తగ్గించి మళ్లీ అదే మీటండి. గుర్రుమనే శబ్దం క్రమంగా పలచబడి శుభ్రమైన స్వరంగా తేలితే ఆ ఆంప్ మీ చేతి మాట వింటున్నట్టు. ఒక్క గీత దగ్గర టక్కున మారిపోతే ఇంకో పెట్టెకు తీగ గుచ్చండి.