పుట్టగొడుగూ – రంపం చేపా



ఏదైనా లెక్కకు మించి కనిపిస్తే "పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి" అంటాం కదండీ! మొన్న మా అమ్మాయి అడిగింది, "అమ్మా, పుట్టగొడుగులు ఎన్ని కోసినా మళ్ళీ వస్తాయి, మరి చేపలూ అంతేనా?" అని. అన్ని చేపలూ అలా కాదని చెప్పబోతే నాకు రంపం చేప గుర్తుకొచ్చింది. చిన్నప్పుడు మచిలీపట్నంలో పక్కింటివారి సావిట్లో, గోడకి దాని రంపం వేలాడుతుండేది.

ముందు పుట్టగొడుగు సంగతి చూద్దాం. తొలకరి వానలకి అడవిలో చెదల పుట్టల దగ్గర తెల్లగా లేస్తాయే, అవి నిజానికి కాయల వంటివి. అసలు ప్రాణం పుట్ట లోపల సన్నని దారాల్లా అల్లుకుని ఉంటుంది. చెదలే దాన్ని పెంచి పోషిస్తాయి. మనం పైది కోసుకున్నా లోపలిది బతికే ఉంటుంది, పై ఏడు మళ్ళీ గొడుగు విప్పుతుంది. పుట్టనే తవ్వేస్తే మాత్రం అదీ పోతుంది.

ఇక రంపం చేప. చూడ్డానికి సొరచేపలా ఉన్నా, మొప్పల చీలికలు పొట్టవైపు ఉంటాయి గనుక ఇది టేకు చేపల జాతిది. 20 అడుగుల దాకా పెరిగే రకం కూడా ఉంది. ఆ రకం తల్లి సుమారు 5 నెలలు మోసి, కాన్పుకి 13కి మించకుండా పిల్లల్ని కంటుంది. తల్లికి గుచ్చుకోకుండా పిల్ల రంపానికి మెత్తని తొడుగు కూడా ఉంటుంది. చూశారా ప్రకృతి ఏర్పాటు! ఆ పిల్ల మళ్ళీ తల్లి కావడానికి ఏళ్ళు పడుతుంది. ఈలోగా ఆ రంపమే వలకి చిక్కుకుంటుంది. అందుకే ఇవాళ ఈ జాతి అంతరించే అంచున ఉంది.

అంటే, పుట్టగొడుగు కోస్తే కాయ కోసినట్టు. రంపం చేపని పడితే చెట్టునే నరికినట్టు.

మన దేశంలో 2001 నుంచి పులికున్న రక్షణే చట్టం దీనికీ ఇచ్చింది. కాబట్టి వింత వస్తువని ఎవరైనా రంపం అమ్మజూపితే కొనకండి. జాలరి కుటుంబాలు తెలిసినవారుంటే, వలలో ప్రాణంతో చిక్కినదాన్ని వదిలేయమని చెప్పండి. అన్నట్టు, ఏ రకమో తెలియని పుట్టగొడుగు మాత్రం ఎంత అందంగా ఉన్నా వండకండి!

మా అమ్మాయి అంతా విని, "అయితే ఆ గోడమీది రంపానికి ఎన్ని పిల్లలు పోయాయో!" అంది. నేనేం చెప్పను?